కలుక్కుమందా... మంచం దిగండి!

*బస్తా ఎత్తబోతే కలుక్కుమంటుంది. బిందె దించబోతే పట్టేస్తుంది. ‘కదలకుండా పడుకో’ అంటుంది ఇల్లంతా. ‘పడుకుంటేనే కష్టం’ అంటోంది వైద్యం. పసుపు పండే ఆర్మూరు సీమలో నడుం నొప్పి కథ, దాన్నుంచి కోలుకునే దారి...*

సంక్రాంతి వెళ్లిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి నడుమూ నిటారుగా ఉండదు. ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలో ఊరిన పసుపును తవ్వి తీసే కాలం అది. తవ్వేవాళ్లు తవ్వుతుంటే, వంగి ఏరేవాళ్లు ఏరుతుంటారు. గొంతుక్కూర్చుని మండలను, కొమ్ములను విడదీసేవాళ్లు విడదీస్తుంటారు. ఆ తర్వాత ఉడకబెట్టాలి. కల్లంలో పరిచి రెండు వారాలు ఎండబెట్టాలి. డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. సంచులకెత్తాలి. బండికెక్కించాలి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో మళ్లీ దించాలి.

సుమారు అయిదు కిలోల పచ్చి పసుపు ఎండితే ఒక్క కిలో. అంటే యార్డుకు చేరే ఒక్కో క్వింటాలు వెనుక అయిదు క్వింటాళ్ల బరువు ఎవరో ఒకరి చేతుల మీదుగా, ఎవరో ఒకరి నడుం మీదుగా నడిచి వచ్చిందన్నమాట!

ఆ పనిలో ఎక్కడో ఓ చోట... వంగి సంచి మూతి పట్టుకుని, ఒక్క ఊపున పైకి లేపి, పక్కకు తిరగబోయిన క్షణంలో... నడుములో కలుక్కుమంటుంది. అంతే! సంచి అక్కడే ఉంటుంది. మనిషి అక్కడే వంగిపోతాడు. లేవలేడు, కూర్చోలేడు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఇంటికి చేర్చి మంచం మీద పడుకోబెడతారు.

అప్పుడు మొదలవుతుంది అసలు సమస్య. నొప్పి ఒక్కటే అయితే పళ్ల బిగువున ఓర్చుకోవచ్చు. కానీ ఇది కైకిలి దొరికే కాలం. నాలుగు రోజులు ఆగుదామంటే చేను ఆగదు, బండి ఆగదు, అప్పిచ్చిన వాడూ ఆగడు. పనికెళ్తే నడుం ఏమవుతుందో భయం. వెళ్లకపోతే ఇల్లేమవుతుందో భయం.

నడుం కట్టినవాళ్ల నేల

నడుం బిగించడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కిన చరిత్ర ఆర్మూరుది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. 2023 అక్టోబరులో కేంద్రం జాతీయ పసుపు బోర్డును నోటిఫై చేసింది. 2025 సంక్రాంతి నాడు అది మొదలైంది. అదే ఏడాది జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరుచుకుంది.

పంటకు బోర్డు వచ్చింది. ఆ పంటను మోసే నడుము సంగతేంటి?

నొప్పి చేలకే పరిమితం కాదు. ఈ సీమలో ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లుంటారు. ఒళ్లో చేట పెట్టుకుని, తల వంచి, గంటల తరబడి ఒకే తీరున కూర్చునే పని అది. బరువెత్తకపోయినా నడుం పట్టేస్తుంది. గల్ఫ్ దేశాలకు వెళ్లి కట్టడాల దగ్గర బరువులు మోసి, సంపాదనతో పాటు నడుం నొప్పినీ వెంట తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. ఇక మండల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి, రోజంతా నిలబడి పాఠం చెప్పే పంతులమ్మ, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి... ఎవరికీ మినహాయింపు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా నడుం నొప్పితో బాధపడినవాళ్లు 61.9 కోట్ల మంది. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే.

గడ్డపార చెప్పే లెక్క

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? నడుం భాగంలో అయిదు వెన్నుపూసలుంటాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తటి డిస్కు. వాటిని కట్టి ఉంచే తాళ్లలాంటివి లిగమెంట్లు. వెన్నును నిలబెట్టేవి కండరాలు. కండరం ఉన్నట్టుండి సాగి, అందులోని పోగులు కొన్ని తెగితే ఒకరకం గాయం. లిగమెంటు సాగితే ఇంకోరకం. మనం మాత్రం రెండింటినీ ‘బెణుకు’ అనే అంటాం. అందులో తప్పేమీ లేదు, వైద్యం రెండింటికీ దాదాపు ఒకటే.

బెణికిన చోట వాపు వస్తుంది. చుట్టూ ఉన్న కండరాలు దెబ్బ తగిలిన చోటును కాపాడాలని బిగుసుకుపోతాయి. ఆ బిగుతే మనకు ‘పట్టేయడం’. నొప్పి చూస్తే ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. కానీ చాలామందిలో లోపలి గాయం అంత పెద్దది కాదు.

మరి చిన్న సంచికే ఎందుకు బెణుకుతుంది? గడ్డపారతో బండరాయిని లేపిన రైతుకు దీని గుట్టు ఇట్టే తెలుస్తుంది. గడ్డపార పొడుగు వైపు మనం ఉంటే కొంచెం బలంతో పెద్ద రాయి లేస్తుంది. అదే పొట్టి వైపు పట్టుకుంటే? ఎంత నొక్కినా కదలదు. నడుం ఉన్నది ఆ పొట్టి వైపే! వెన్నుపూసను ఇరుసు అనుకుంటే, వెనకున్న కండరాలు దానికి అయిదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. చేతులు చాచి పట్టుకున్న బరువు యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే పదింతల తేడా. 20 కిలోల సంచిని అలా పట్టుకుంటే నడుం కండరాలు 200 కిలోలకు సరిపడా లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే సంచిని కడుపుకు దగ్గరగా, పాతిక సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే సంచి వల్ల పడే భారం సగానికి తగ్గుతుంది. సంచి అదే, మనిషీ అతనే. మారింది దూరమొక్కటే.

తెల్లవారుజాము లెక్క ఇంకోటుంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే ఎవరైనా సాయంత్రం కంటే పొద్దున్నే ఒకటి, రెండు సెంటీమీటర్లు పొడవుంటారు. అలా ఉబ్బి బిగువుగా ఉన్నప్పుడు పూర్తిగా వంగితే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. నిద్ర లేవగానే నేరుగా బరువు దగ్గరికి పోకుండా, ఓ గంట అటూ ఇటూ నడిచే పనులు ముందు పెట్టుకోవడం మేలు.

మంచం మాట తప్పింది

నడుం పట్టేస్తే వారం పది రోజులు మంచం దిగొద్దన్నది మన పెద్దల మాటే కాదు, ఒకప్పుడు డాక్టర్ల మాట కూడా. దాన్ని 1986లో అమెరికాలో పరీక్షకు పెట్టారు. నడుం నొప్పితో వచ్చినవాళ్లలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం మీదే ఉండమని చెప్పారు. రెండు రోజుల వాళ్లు పనికి దూరమైన రోజులు 45 శాతం తక్కువ. ఎక్కువ రోజులు పడుకున్నందుకు అదనంగా ఒరిగిందేమీ లేదు.

1995లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఇంకో అడుగు ముందుకేశారు. 186 మంది నగర ఉద్యోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండు రోజుల పడక. రెండో జట్టుకు నడుం వ్యాయామాలు. మూడో జట్టుకు మాత్రం, ‘ఓర్చుకోగలిగినంత వరకూ రోజువారీ పనులు చేసుకోండి’ అన్న మాటొక్కటే! అందరికంటే ముందు కోలుకున్నది ఆ మూడో జట్టే. అందరికంటే ఆలస్యమైంది మంచమెక్కిన వాళ్లకు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కదలిక ఉంటేనే దెబ్బ తగిలిన చోటికి రక్తం బాగా అందుతుంది. కదలకపోతే కండరం రోజురోజుకూ నీరసిస్తుంది, కీళ్లు బిగుసుకుంటాయి. అన్నిటికీ మించి ‘నేనిక పనికిరాను’ అన్న భయం మనసులో గూడు కట్టుకుంటుంది. ఆ భయం ఉన్నవాళ్లకు నొప్పి ఎక్కువ కాలం ఉంటుందని పరిశోధకులు ఎన్నోసార్లు గమనించారు.

అలాగని తెల్లారగానే బస్తా ఎత్తమని కాదు. పడుకోవడానికీ పసుపు బస్తా మోయడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. కోలుకోవడమంటే ఆ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కడమే.

ఆరు వారాల దారి

*మొదటి రెండు రోజులు:* నొప్పి తక్కువగా ఉండే భంగిమ వెతుక్కోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోవచ్చు. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవచ్చు. లేచేటప్పుడు ఒక్కసారిగా నిటారుగా లేవకూడదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి జార్చి, చేతులతో ఆనించి లేవాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారైనా లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. వేడినీళ్ల కాపడం కండరాల బిగుతును సడలిస్తుంది. కొందరికి మొదటి రోజు చల్లటి కాపడం హాయినిస్తుంది. ఏదైనా పావుగంట చాలు, చర్మానికీ దానికీ మధ్య గుడ్డ ఉండాలి.

*మూడో రోజు నుంచి వారం వరకు:* నడక పెంచాలి. ఇంటి గుమ్మం నుంచి వీధి చివరికి, అక్కడి నుంచి ఇంకో వీధికి. స్నానం, వంట, దుకాణంలో కూర్చోవడం లాంటి పనులు మొదలుపెట్టొచ్చు. ఒకే చోట అరగంటకు మించి కూర్చోవద్దు. కాస్త నొప్పి పుడితే ఆగిపోనక్కర్లేదు. పని అయ్యాక నొప్పి బాగా పెరిగి, మర్నాటికీ తగ్గకపోతే మాత్రం అడుగు వెనక్కి వేయాలి.

*రెండో వారం నుంచి:* తేలికపాటి వ్యాయామాలు. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ ఛాతీ వైపు తెచ్చుకోవడం. మోకాళ్లు మడిచి, పాదాలు ఆనించి, నడుమును నెమ్మదిగా పైకెత్తి దించడం. చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపును పిల్లిలా పైకి వంచి మళ్లీ కిందికి దించడం. ఒక్కోటీ అయిదారుసార్లతో మొదలుపెడితే చాలు. వీలుంటే ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకుంటే మంచిది.

*నాలుగు నుంచి ఆరు వారాలు:* చాలామందికి ఈపాటికి నొప్పి బాగా తగ్గిపోతుంది. బరువు పనిలోకి వెళ్లాల్సింది ఇప్పుడే, అదీ అంచెలంచెలుగా. మొదట సగం నింపిన సంచి, తర్వాత ముప్పావు సంచి. మొదట పూట పని, తర్వాత రోజంతా.

ఇక్కడే ఇంటివాళ్లూ ముఠాలోని తోటివాళ్లూ సాయం పట్టాలి. కోలుకుంటున్న మనిషికి మోత బదులు తూకం రాయడం, సంచి మూతి కుట్టడం, చీటీలు చూడటం లాంటి పని అప్పగిస్తే అతని కైకిలి పూర్తిగా పోదు. నడుముకు కావలసిన కదలికా దొరుకుతుంది. ‘ఇవాళ నాకు, రేపు నీకు’ అనుకుంటే చాలు.

పసుపు, సున్నం, ఎదురుకాళ్లు!

పసుపు ఊళ్లలో దెబ్బ తగిలితే మొదట గుర్తొచ్చేది పసుపే. పసుపులో సున్నం కలిపి పట్టు వేయడం తాతల నాటి అలవాటు. వెచ్చగా వేస్తే ఆ వేడికి కాస్త ఉపశమనం కలగొచ్చు. సున్నం ఎక్కువైతే మాత్రం చర్మం పొక్కుతుంది. పసుపులోని కర్‌క్యుమిన్ వాపును తగ్గిస్తుందని పరిశోధనలున్నాయి. కానీ అవి ఎక్కువగా మోకాళ్ల అరుగుదల మీద, అదీ గాఢమైన సారంతో జరిగినవి. మామూలు పసుపులో కర్‌క్యుమిన్ ఉండేది సుమారు మూడు శాతమే. కూరలో వేసిన చిటికెడు పసుపు నడుమును నిలబెడుతుందని చెప్పలేం.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుంపట్టు వదిలిపోతుందన్న నమ్మకం ఊళ్లలో ఉంది. మెల్లగా తాకిస్తే ప్రమాదం లేదు. కొన్నాళ్లకు ఎలాగూ తగ్గే నొప్పి కాబట్టి పేరు ఆ కాలికి వస్తుంది! కానీ బోర్లా పడుకోబెట్టి మనిషి చేత తొక్కించడం, మెలితిప్పి ‘టక్’మనిపించడం మంచిది కాదు. ఎముకలు పెళుసుబారిన పెద్దవాళ్లకు అది మరీ ప్రమాదం.

నడుం పట్టేయగానే సూది వేయించుకోవడం ఇంకో అలవాటు. నొప్పి మాత్రలూ సూదులూ తాత్కాలికంగా ఆదుకుంటాయి, నిజమే. నడక మొదలుపెట్టేందుకు అవి ఊతం. కానీ ఎవరికి వాళ్లు రోజుల తరబడి వాడితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా మింగకూడదు. మామూలు పారాసిటమాల్ నడుం నొప్పిని త్వరగా తగ్గించడంలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కాదని 2014లో ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద అధ్యయనం తేల్చింది.

మరి బెల్టు? నెలల తరబడి వేధించే నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడొద్దని అందులో చెప్పింది. వ్యాయామం, అవగాహన, మానసిక ధైర్యానికి పెద్దపీట వేసింది.

ఎమ్మారై చూసి బెంబేలొద్దు

‘డిస్కు జారిందట!’ అన్న మాట వినగానే సగం ప్రాణం పోతుంది. కానీ నొప్పి ఏమీ లేనివాళ్లకు తీసిన స్కాన్లలోనూ ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. 2015లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ల వాళ్లలో అది 96 శాతం! తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. అందుకే మామూలు బెణుక్కి మొదటి వారాల్లోనే స్కానింగు అక్కర్లేదంటారు వైద్యులు. ఆ డబ్బు చేతిలో ఉంటే కైకిలి లేని నాలుగు రోజులు గడుస్తాయి.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు

* మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా... ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది గంటల్లో తేల్చాల్సిన వ్యవహారం.
* కాలు బలహీనపడుతున్నా, పాదం పైకి లేవకపోయినా.
* జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైతే. మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదు కాదు. దీనికి మందులున్నాయి. ఆలస్యమే శత్రువు.
* గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా నడుం నొప్పి మొదలైతే.
* ఎత్తు నుంచి పడినా, బండి ప్రమాదం జరిగినా, వయసు మళ్లినవాళ్లు చిన్నగా జారిపడినా.
* ఆరు వారాలు దాటినా తగ్గకపోతే.

ఆర్మూరులో ఏరియా ఆసుపత్రి ఉంది. నిజామాబాద్‌లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. పై లక్షణాల్లో ఏది కనిపించినా పట్టు వేసుకుని ఇంట్లో కూర్చోవడం తగదు.

మళ్లీ రాకుండా...

నడుం నొప్పిలో పెద్ద చిక్కు ఇదే. తగ్గినవాళ్లలో చాలామందికి ఏడాదిలోపే తిరగబెడుతుంది. దీనికి చవకైన విరుగుడు 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. నొప్పి తగ్గిన 701 మందిని తీసుకుని, కొందరికి నడకను క్రమంగా పెంచుకునే తీరు నేర్పారు. మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. వదిలేసినవాళ్లలో నొప్పి తిరగబెట్టేందుకు పట్టిన మధ్యస్థ కాలం 112 రోజులు. నడిచినవాళ్లలో 208 రోజులు. దాదాపు రెట్టింపు. దీనికి జిమ్ము అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. కాళ్లకు చెప్పులుంటే చాలు.

రోజంతా చేలో తిరిగేవాళ్లకు మళ్లీ నడకెందుకు అనొచ్చు. వంగి చేసే పని వేరు, వెన్ను నిటారుగా పెట్టి చేతులూపుకుంటూ నడవడం వేరు. పొద్దున అరగంట అలా నడిస్తే నడుముకు అదే మందు.

పనిలోనూ కొన్ని మార్పులు చేసుకోవచ్చు. బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచి, సంచిని ఒంటికి ఆనించుకోవాలి. ఎత్తి తిరగాల్సి వస్తే నడుం తిప్పకుండా పాదాలు తిప్పాలి. ఒక్కడు మోసే దాన్ని ఇద్దరు పడితే పరువేమీ పోదు. సంచులను నేల మీద కాకుండా మోకాలి ఎత్తు అరుగు మీద పేర్చితే వంగే పని సగం తప్పుతుంది. బీడీలు చుట్టేవాళ్లు గోడకు ఆనుకుని, నడుం వెనుక చిన్న దిండు పెట్టుకుని, అరగంటకోసారి లేవాలి.

సంచి బరువు తగ్గించడం అన్నిటికంటే పెద్ద మందు. అది మోసేవాడి చేతిలో లేదు, నింపించేవాడి చేతిలో ఉంది. మనిషికి హాని చేసేంత బరువు మోయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 34వ సెక్షన్‌లో చెప్పింది. యూరియా బస్తాను 2018లో 50 కిలోల నుంచి 45కు తగ్గించారు. ఉద్దేశం వాడకం తగ్గించడమే అయినా మోసేవాడి భుజానికి అయిదు కిలోలు తగ్గాయి. ఎరువు కోసం మార్చగలిగినప్పుడు మనిషి కోసం మార్చలేమా?

ఆర్మూరుకు కొండగుర్తు సిద్ధులగుట్ట. బండరాళ్ల మధ్య మెట్లెక్కి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లను చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఎవరూ ఒక్క అంగలో పైకి చేరరు. కాసేపు ఎక్కుతారు, ఆయాసమొస్తే ఆగుతారు, మళ్లీ ఎక్కుతారు. కిందే కూర్చుండిపోయినవాళ్లు మాత్రం ఎప్పటికీ చేరరు.

నడుం నొప్పీ అంతే. కలుక్కుమన్న రోజు నడుం వాల్చండి, తప్పులేదు. మర్నాడు మాత్రం మెల్లగా మంచం దిగండి. మొదటి మెట్టు అదే!